దశరథం సారు పెట్టిన మెసేజ్

అంతర కళాశాలల అమ్మాయిల కబడ్డీ ఫైనల్ ఆ రోజు పదిన్నరకు సిరిసిల్లలో. పన్నెండు మంది పిల్లలతో కోరుట్లలో ఏడు గంటల బస్సు ఎక్కాలని దశరథం ఏర్పాటు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళుగా పీడీ, అంటే ఆటల సారు. నెలాఖరుకు రిటైర్మెంటు. ఇన్నేళ్ళలో అమ్మాయిల కప్పు ఒక్కసారీ తేలేదు.

బస్టాండులో లెక్కపెడితే పదకొండు మందే ఉన్నారు. కూతకు వెళ్ళే అక్షిత లేదు. ఫోను స్విచ్చాఫ్.

"అక్షిత నిన్ననే తంగళ్ళపల్లి, వాళ్ళ అమ్మమ్మ ఇంటికి పోయింది సార్. గటునుంచే గ్రౌండుకు అస్తదట," అంది కెప్టెన్ ఊర్మిల.

దశరథం స్థిమితపడి కాలేజీ గ్రూపులో రాశాడు: "అక్షిత నిన్ననే పోయింది. మిగిలినోళ్ళం బస్సెక్కినం." ఫోను సంచీలో పడేశాడు.

జగిత్యాల దాటాక తీసి చూస్తే నలభై మిస్డ్ కాల్స్. అంతలోనే ప్రిన్సిపాల్ ధనుంజయ్ నుంచి ఫోను.

"దశరథం గారూ, అక్షిత నిన్న పోతే ఇయ్యాల చెప్తరా?"

"అండ్ల చెప్పే ముచ్చటేముంది సార్? ఏటా ఎవలో ఒకలు గిట్లనే పోతరు. ఆమె రాకున్నా ఆడుతం, ఫికరు చెయ్యకుండ్రి."

"మనిషివేనా నువ్వు?" లైను తెగింది.

గ్రూపు తెరిచాడు. అక్షిత ఫొటోకు దండ. కింద నూటపది మంది చేతులు జోడించారు. కాలేజీకి సెలవు. సిరిసిల్ల గ్రౌండుకూ కబురు వెళ్ళిపోయింది. దశరథం గబగబా "అక్షిత బతికే ఉన్నది" అని పంపాడు.

"మీరు చూసిండ్రా సార్?" అని లెక్చరర్ శ్రీలత అడిగింది.

చూడలేదు. మళ్ళీ ఫోను చేస్తే స్విచ్చాఫే. బస్సు వేములవాడ చేరేసరికి ఆయనకే అనుమానం పట్టుకుంది. నిజంగానే ఏమన్నా జరిగి ఉంటే? ఆ దారిలో మనుషులను గుద్ది పోయే ఇసుక లారీలు కళ్ళ ముందు తిరిగాయి.

సిరిసిల్ల గ్రౌండులో అందరూ తలలు వంచి నిలబడి ఉన్నారు. కోరుట్ల క్రీడాకారిణి మృతికి రెండు నిమిషాల మౌనమట. వరుస చివర ఒక అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అక్షిత!

దశరథాన్ని చూడగానే పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకుంది. "సార్, మనోళ్ళల్ల ఎవలు పోయిండ్రు?"

"నువ్వే బిడ్డా!" అని ఆయన బోరుమన్నాడు.

అంపైరు పరశురాములు మాత్రం కరగలేదు. "లిస్టుల పేరు కొట్టేసినం. సచ్చిపోయినోళ్ళను ఆడిచ్చెటందుకు రూలు లేదు సార్."

దశరథం అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు: ఈ క్రీడాకారిణి సజీవంగా ఉన్నదని ధ్రువీకరించడమైనది.

అక్షిత కూతకు వెళ్ళింది. ఇంకా కళ్ళు తుడుచుకుంటున్న ఎదుటి జట్టు సిరిసిల్ల పిల్లలకు ఆమెను గట్టిగా పట్టుకోవడానికి చేతులు రాలేదు. నాలుగు పాయింట్ల తేడాతో కప్పు కోరుట్లదైంది.

సాయంత్రం ఓడిన జట్టు అప్పీలు పెట్టుకుంది, తాము సంతాపంలో ఉండగా ఆడించారని.