నిజంగా వద్దా?

“యాపా? నిశ్చితార్థం భోజనంలో యాపాకు యాడన్నా పెడతార్రా? ఈపొద్దు ఉగాది గూడా కాదే!”

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని నాగులమ్మ వేసిన కేకకు ఇల్లంతా ఉలిక్కిపడింది. ఆమె మనవడు, ఆనాటి పెళ్లికొడుకు చక్రధర్ అన్నదల్లా “అవ్వా, ఈరోజు వడ్డనంతా నా యాప్‌తోనే” అని. అవ్వ చెవిలో పడ్డ యాప్ కాస్తా యాపాకై, వేపచెట్టయి మొలిచింది. అతని తండ్రి కృష్ణమూర్తి సగం గడ్డంతో, సగం నురగతో బయటికి పరుగెత్తుకొచ్చాడు. “యాప గాదు నాయనా, యాప్. ఫోన్లో ఉంటాదే, అది” అని చక్రధర్ ఫోను తీసి చూపించాక గాని ఇంట్లో ఆ చేదు విరగలేదు.

“ఫోన్లో ఉండేదాన్ని ఫోన్లోనే ఉండనీరా. అరిటాకులోకి ఎందుకు దాన్ని?” అన్నాడు కృష్ణమూర్తి. తండ్రుల మాటలకు కొడుకులు ఇచ్చే విలువే చక్రధర్ దానికీ ఇచ్చాడు. నవ్వి ఊరుకున్నాడు.

చక్రధర్‌ది తిరుపతిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తెరలు గీసే ఉద్యోగం. ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, దాన్ని నొక్కినవాడు ఎంత తక్కువ ఏడవాలి అని నిర్ణయించడం అతని పని. లోకంలోని సాఫ్ట్‌వేర్లన్నీ మనుషుల్ని నొప్పించడానికే పుట్టాయని, నొప్పించకుండా నొక్కించడానికి తాను పుట్టానని అతని నమ్మకం. అన్నిటికన్నా ఒళ్లు మండేది ఒక్కదానికి. దేన్నైనా తీసేద్దామని నొక్కగానే “నిజంగానా?” అని ఎదురడిగే పెట్టె ఉంటుందే, దానికి. ‘మనిషి ఒకసారి వద్దన్నాడంటే వద్దనే. మళ్లీ అడగడం వాణ్ని అవమానించడం’ అని రాసి ఆఫీసు గోడకు అంటించుకున్నాడు కూడా.

గోడ మీది సిద్ధాంతాన్ని ఇప్పుడు విస్తరి మీదికి విస్తరించాలని బయల్దేరాడు. వద్దు వద్దన్నా వడ్డించడం వల్లనే కదా విందుల్లో సగం వంట వృథా అవుతున్నది! అందుకని ప్రతి ఆకు పక్కన ఒక ఫోను. తెర మీద వంటకం బొమ్మ. దాని కింద రెండు బటన్లు: ‘కావాలి’, ‘వద్దు’. నొక్కిన సంగతి వడ్డించేవాడి ఫోనుకు పోతుంది. కావాలన్న ఆకులో వేస్తాడు, వద్దన్న ఆకు దాటిపోతాడు. ఆఫీసులో పరీక్షలకు వాడే పాత ఫోన్లను బతిమాలి తెచ్చాడు. ఆడపెళ్లివారు కూర్చునే మొదటి పంక్తికి అవి చాలు.

వంటల మునిచంద్రకు ఇది మింగుడు పడలేదు. “మా పిల్లోళ్లకు నోరుండాది గదప్పా. వాళ్లే అడగతారు.”

“అదే వద్దనేది అన్నా! నోటితో అడిగితే మొగమాటానికి తీసుకుంటారు, ఆకులో వదిలేస్తారు. మీవాళ్లు పలకనే కూడదు. ఫోను సూసి వడ్డించల్ల, అంతే.”

“పలకకుండా పెడితే అది వడ్డన గాదబ్బా, దండన” అని గొణుక్కుంటూ మునిచంద్ర వంటింట్లోకి పోయాడు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఆ రోజు మంచి ఘడియ మధ్యాహ్నం దాటాక గాని లేదు. కనుక ముందు భోజనాలు, తర్వాత తాంబూలాలు. తాంబూలాలు మారేదాకా సంబంధం సగం ఉడికిన అన్నమే. చక్రధర్‌కేమో పెళ్లికూతురు మహితను చూసిన రోజు నుంచి మనసు పూర్తిగా ఉడికిపోయి ఉంది. అడ్డమల్లా ఒక్కరే. మహిత మేనత్త చంద్రకాంతమ్మ. ఆమె మాట మీద వాళ్ల ఊరు ఐరాలలో పెళ్లిళ్లు నిలుస్తాయి, నిలిచిపోతాయి. ఇంతకుముందు రెండు సంబంధాలను ఆమే తిప్పి పంపింది. ఒకచోట కాఫీ చల్లగా ఇచ్చారని, ఇంకొకచోట మజ్జిగ వెచ్చగా ఇచ్చారని.

అలిపిరి దారిలోని కల్యాణ మండపం ముందు ఐరాల బస్సు ఆగింది. దిగినవాళ్ల ముఖాల్లో ఆకలి స్పష్టంగా కనిపిస్తున్నది. విందు ఉందని పొద్దున టిఫిన్లు మానేసి, పూతలపట్టు క్రాసులో ఒక్క కాఫీతో కడుపును మోసం చేసి వచ్చారు. మహిత తండ్రి గిరిప్రసాద్ “వాసన బస్సులోకే వచ్చిందబ్బా బావా!” అంటూ కృష్ణమూర్తిని వాటేసుకున్నాడు. అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. అన్నం, ఉప్పు, ఊరగాయ యాప్‌తో పని లేకుండానే పడ్డాయి. ఆ తర్వాత తెరలు వెలిగాయి.

మొదట ఓళిగ బొమ్మ వచ్చింది. పైన నెయ్యి మెరుస్తున్నట్టు చక్రధర్ ఎంతో శ్రద్ధగా గీసిన బొబ్బట్టు అది. చంద్రకాంతమ్మ బొమ్మను చూసి గుటక వేసింది. కళ్లజోడు సర్దుకుంది. అటు ఇటు చూసి, పెద్దింటి ఆడపడుచుకు తగినట్టు ‘వద్దు’ నొక్కింది. “ధన్యవాదాలు” అని చెప్పి ఓళిగ మాయమైంది.

పెద్దామె వద్దన్నాక పక్కనున్న గిరిప్రసాద్ కావాలని ఎలా అంటాడు? వద్దు. ఆయన పక్కనున్న తమ్ముడు? వద్దు. వద్దుకు హద్దు లేకుండా పోయింది. పొరియల్ కూర వచ్చింది, వద్దు. వడ వచ్చింది, వద్దు. సాంబారు రాని చోట సంబరం ఎక్కడిది? రసం కూడా దాటిపోయేసరికి పంక్తి మొత్తం నీరసించింది. మునిచంద్ర మనుషులు పొగలు కక్కే గిన్నెలతో వరుస చివరిదాకా ఊరేగి, ఒక్క గరిటె కూడా వంచకుండా వెనక్కి పోతున్నారు. వేదిక వెనక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న చక్రధర్ మాత్రం తేలిపోతున్నాడు.

“సూడు నాయనా, ఒక్క వడ గూడా వేస్టు గాలా!”

“వేస్టు గాలా సరే. ఒక్క వడన్నా తిన్నారంట్రా?” అన్నాడు కృష్ణమూర్తి.

పంక్తిలో చంద్రకాంతమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఎవరూ మళ్లీ అడగరే! ఫోను మీద మళ్లీ ‘వద్దు’ నొక్కింది. “మీ సమాధానం ఇదివరకే అందింది” అని జవాబొచ్చింది. ఆమెకు రోషం వచ్చి టకటకమని నొక్కుతూ పోయింది. ఓళిగల తట్ట పట్టుకున్నవాడు ఎదురుగా వస్తే “ఏమప్పా, ఏందది?” అని తనంతట తానే మాట కలిపింది. వాడు పెదవులు బిగించి, ఫోను వైపు వేలు చూపించి వెళ్లిపోయాడు.

“ఒరే గిరీ!” అంది చంద్రకాంతమ్మ, మండపం అంతా వినబడేట్టు. “వడ్డించేదానికి మూగోళ్లను పెట్టినార్రా మనకు? మారు అడిగే దిక్కే లేదే ఈ ఇంట్లో! రేపు మన పిల్లకు ఆకలైతే ఎవర్రా అడిగేది?”

అని, తన ఆకు అంచు మీద చెయ్యి వేసింది.

కృష్ణమూర్తి కంట ఆ చెయ్యి పడింది. ఆ పక్క భోంచేసి లేచేవాళ్లు ఆకును తమ వైపు మడిస్తే చుట్టరికం నిలవాలని అర్థం. అవతలికి మడిచారంటే ఇక ఈ గడప తొక్కమని. చంద్రకాంతమ్మ చెయ్యి ఆకుకు తన వైపు అంచు మీద ఉంది. అంటే మడత అవతలికే. ఆమె మడిస్తే పంక్తి మొత్తం మడుస్తుంది. పంక్తి మడిస్తే తాంబూలాలు తట్టలోనే ఎండిపోతాయి.

“వదినా, వదినా, తొందరపడొద్దు! మజ్జిగుండాది…” అంటూ కృష్ణమూర్తి అటు పరుగెత్తాడు. ఇటు వేదిక వెనక్కి పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని మహిత పరుగెత్తుకొచ్చింది.

“ఏమండీ, మా అత్తను పస్తు పెట్టి పంపిస్తా ఉండారా?”

“ఆమే వద్దనింది మహితా! ఇదో, ఈడ సూడు…”

“అనక? వియ్యాలోళ్ల ఇంట్లో కూసోని పెట్టు పెట్టు అని అడగతారా ఎవరన్నా? మొదటి వద్దు మర్యాదకు. రెండోది మీరెంత బలవంతం చేస్తారో సూసేదానికి. మూడో వద్దుకు గదా ఆకులో ఏసేది! మా ఇంటికొచ్చినప్పుడు మీరేం చేసినారు? ‘వద్దు మామా, వద్దు మామా’ అంటానే పళ్లెం ఖాళీ చెయ్యలా?”

చక్రధర్‌కు కళ్లు తెరుచుకున్నాయి. నిజమే. ఆ రోజు గిరిప్రసాద్ గనక తన సిద్ధాంతం ప్రకారం మొదటి వద్దునే నమ్మి ఉంటే తాను ఖాళీ కడుపుతో తిరుపతి చేరేవాడు. అంటే తాను ఇన్నాళ్లూ తిట్టిపోసిన ఆ “నిజంగానా?” పెట్టె పొగరుబోతు పెట్టె కాదు. పెట్టే చేతిలాగా మర్యాద తెలిసిన పెట్టె!

వేళ్లు ల్యాప్‌టాప్ మీద పరుగెత్తాయి. ‘వద్దు’ నొక్కగానే “నిజంగా వద్దా?” అని అడగాలి. మళ్లీ వద్దంటే “మా మీద ఒట్టు, వద్దా?” అనాలి. మూడోసారీ వద్దంటే దాన్ని ‘కావాలి’గా లెక్కగట్టి వడ్డించాలి. తొందరలో రెండు సంగతులు మరిచాడు. పంక్తిలో ఇంతవరకు నొక్కిన వద్దులన్నీ లెక్కలోనే ఉన్నాయన్నది మొదటిది. తన యాప్‌లో ‘చాలు’ అనే బటనే లేదన్నది రెండవది.

మునిచంద్ర మనుషుల ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. గిన్నెలు కదిలాయి. అందరికన్నా ఎక్కువ వద్దులు నొక్కిన చంద్రకాంతమ్మ ఆకు మీదికి ముందుగా దండెత్తారు. అంచు పట్టుకున్న చేతి మీదనే ఓళిగ పడింది. దాని మీద నెయ్యి. దాని మీద ఇంకొక ఓళిగ. పొరియల్, వడ, అప్పడం అప్పుడే, అక్కడే.

“ఒరే, సాలు సాల్రా! వద్దప్పా!” అంటూ ఆమె ఫోను నొక్కింది. “నిజంగా వద్దా?” అనడిగింది ఫోను. “వద్దు!” “మా మీద ఒట్టు, వద్దా?” “వద్దంటే వద్దు!” వెంటనే ఇంకొక తట్ట వచ్చింది. గిరిప్రసాద్ ఆకు మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ చేతుల మీదనే రెండు వడలు పెట్టిపోయారు. “ఫోను సెప్పింది సార్” అన్నారే గాని ఆగలేదు.

చక్రధర్ ల్యాప్‌టాప్ ఆపబోయాడు. “నిజంగా ఆపాలా?” అని అడిగింది అది. జీవితంలో మొదటిసారి వినయంగా ‘అవును’ నొక్కాడు. “అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపవద్దు” అని చెప్పి తెర తీరిగ్గా చుక్కలు తిప్పుకుంటూ కూర్చుంది. ఇక యాప్‌ను ఆపేది లేదు. వేదికెక్కి మైకు అందుకున్నాడు.

“అందరూ ఒక్క నిమిషం! ఎవురూ ఏమీ నొక్కొద్దండి. మునిచంద్రన్నా, గిన్నెలు దించండి! తప్పంతా నాదే. మనిషి వద్దంటే వద్దనే అనుకోని ఈ యాప్ చేసినా. మీరు మర్యాదకు వద్దన్నారు, అది నిజమనుకుని దాటిపోయింది. వడ్డించేవాళ్లను పలకొద్దనింది గూడా నేనే. తర్వాత మహిత సెప్తే, మూడుసార్లు అడిగి పెట్టేట్టు మార్చినా. ఆపేది ఎట్లనో దానికి నేర్పలా. నాయనకు గానీ, మునిచంద్రన్నకు గానీ ఏమీ తెలీదు. క్షమించండి పెద్దమ్మా.”

నేతి చుక్కలు కారుతున్న చేతిని పైకెత్తి చంద్రకాంతమ్మ మెల్లగా అడిగింది.

“అంటే, నేను వద్దన్నప్పుడల్లా ఇది మళ్లీ మళ్లీ అడిగిందా?”

“అడిగింది పెద్దమ్మా.”

“ఒట్టేసిందా?”

“ఏసింది.”

“ఎన్నిసార్లన్నా అడగతాదా?”

“ఆపేది లేదు పెద్దమ్మా. అడగతానే ఉంటాది.”

చంద్రకాంతమ్మ తమ్ముడి వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆనందమో, అజీర్తో ఆ క్షణాన తేల్చడం కష్టం.

“సూస్తివా గిరీ? నా పెండ్లయినప్పట్నుంచి మా అత్తగారింట్లో ఒక్కరన్నా రెండోమారు అడిగిన పాపాన పోలా. ఈ పిల్లోడు చేసిన పెట్టె ఒట్లేసి అడిగిందిరా! పిల్లను ఈ ఇంటికే ఇయ్యల్ల.”

“ఇస్తాం గానీ అక్కా, ఆకు నీ పక్కకు మడువు ముందు. కృష్ణమూర్తి బావ వణకతా ఉండాడు” అన్నాడు గిరిప్రసాద్, ఓళిగ నమలుతూ.

“యాడ మడిసేది? ఆకు కనబడితే గదా!”

అందరూ నవ్వారు. చక్రధర్ మహిత వైపు చూశాడు. మహిత చూపు తిప్పుకుంది, కాకపోతే మరీ అవతలికేమీ కాదు. కాసేపటికి మంచి ఘడియ వచ్చింది. తాంబూలాల తట్టనే పంక్తి దగ్గరికి మోసుకెళ్లి, ఆకుల ముందే మార్పించారు. సంబంధం వద్దనుకుని లేచిపోదామన్నా, ఆడపెళ్లివారిలో లేవగలిగే స్థితిలో ఒక్కరూ లేరు.