ఇరవై బొండాల చచ్చిన సరుకు

సముద్రంలో మోకాళ్ల లోతు దిగి నిలబడ్డ ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ సుఖంగా ఉండేవి. సుఖంగా అంటే, వాటిని కాపాడడానికి ఇంకా ఎవరూ పూనుకోలేదన్నమాట.

అది మడ అడవి. పోటుకి నీళ్లొస్తాయి, ఆటుకి పోతాయి, మిగిలేది బురద. ఆ అడవి ఉత్తరపు ఒడ్డుకి ఎదురుగా సముద్రంలో ఒక పగడాల దిబ్బ ఉండేది. ఎంత పెద్ద అల వచ్చినా ముందు దాని మీద పడి విరిగేది. ఒక వేసవిలో నీళ్లు కాగిపోయి, దిబ్బంతా తెల్లబడి చచ్చిపోయింది. తర్వాత ఏడాదికి అరిగి కూలింది. అప్పట్నుంచి అలలు తిన్నగా ఒడ్డు మీదికే రావడం మొదలుపెట్టాయి.

ఆ ఒడ్డునే ఎండ్రకాయ పోలయ్య కాపురం. వాళ్ల తాత తవ్విన బొరియ కొట్టుకుపోయింది. తండ్రి తవ్విన బొరియ కొట్టుకుపోయింది. పోలయ్య తవ్వుకున్నది మాత్రం సగం మిగిలింది.

"నూకాలక్కా, ఈ ఒడ్డు ఇంకెన్నాళ్లుంటుందంటావు?" అని అడిగాడు ఒకరోజు.

నూకాలమ్మ సముద్రపు తాబేలు. వయసులో పెద్దది, తిరిగిన చోట్లు ఎక్కువ, మాటలు తక్కువ.

"దిబ్బ లేకపోతే ఒడ్డు లేదురా," అంది. "దక్షిణ దీవి దగ్గర ఇంకొక దిబ్బ బతికుంది. చిన్నది. ఈసారి వేడినీళ్లు అటు మళ్లాయి, వచ్చే వేసవికి అదీ ఉండదు. ఈలోగా కొమ్మలు విరిచి ఇక్కడికి తెచ్చి నాటితే నీకు కాకపోయినా నీ మనవలకి ఒడ్డు మిగులుతుంది."

తేవడమే కష్టం. బయటి సముద్రంలో చుట్టి వస్తే అలలకి కొమ్మలు నలిగిపోతాయి. అడవి మధ్య పాయలోంచి రావాలి. ఆ పాయలోవి చప్పటి నీళ్లు, పైగా బురద. అవి తగిలితే పగడం బతకదు.

నూకాలమ్మ ఆలోచించి, ఎవరో తాగి పారేసిన కొబ్బరి బొండాలు రెండు తెచ్చింది. వాటిలో సముద్రపు నీళ్లు నింపి, పైన కాస్త గాలికి చోటు వదిలింది. పోలయ్య ఒక్కో కొమ్మనీ నారతో బెరడు ముక్కకి కట్టి, గోడకి తగలకుండా నీళ్లలో వేలాడదీశాడు. బొండానికి ఒకటే కొమ్మ, ఎందుకంటే రకరకాల పగడాలు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి కుట్టి చంపుకుంటాయి. మూతికి మైనం పెట్టారు. పీచు మందంగా ఉంటుంది కనక బయటి ఎండ లోపలికి దిగదు. లోపల చీకటి, కొమ్మలు కదలకుండా నిద్రపోయాయి. నూకాలమ్మ బొండాలని తాడుతో లాక్కుంటూ ఒక్క పోటులో పాయ దాటేసింది. ఉత్తరపు ఒడ్డున నాటితే రెండూ బతికాయి.

పోలయ్య ఆనందం పట్టలేక నలుగురికీ చెప్పాడు. అదే అతను చేసిన తప్పు.

నలుగురిలో ఒకడు నక్క జంబుకరావు. ఏ పని జరుగుతున్నా దానికి అధ్యక్షుడు లేడే అని బాధపడే స్వభావం ఆయనది. వారం తిరక్కుండా 'పగడాల సంరక్షణ మండలి' పెట్టి, చైర్మన్ అయి, సభ పిలిచాడు. బతికిన రెండు కొమ్మల్నీ నీళ్లలోంచి తీయించి, అందరికీ కనపడేలా వేదిక మీద పెట్టి, దండలు వేసి, రెండు గంటలు మాట్లాడాడు. రెండూ వేదిక మీదే చచ్చిపోయాయి. వాటికి నివాళిగా మరో గంట మాట్లాడాడు.

"ఇంకా ఎనభై కొమ్మలున్నాయట. వాటికి ఇలాంటి గతి పట్టకూడదు," అన్నాడు జంబుకరావు. "నూకాలమ్మా, నీ అనుభవం చెప్పు."

"మూడే మూడండి బాబూ. సముద్రపు నీళ్లుండాలి, చీకటుండాలి, దారిలో ఎక్కడా ఆగకూడదు."

"అది నీ అనుభవం. మనకి కావలసింది వ్యవస్థ," అన్నాడు చైర్మన్.

వ్యవస్థ అంటే పాయ పొడుగునా మూడు గేట్లు. మొదటి గేటు నీటికుక్కకి, రెండోది కోతికి, మూడోది కొంగకి. ప్రాణమున్న ఏ సరుకు వచ్చినా గేటు దగ్గర విప్పి, ప్రాణం ఉందని కళ్లారా చూసి, సంతకం పెట్టి పంపాలి. ఎంతటివారికైనా మినహాయింపు లేదు. ఈ చివరి మాట చప్పట్ల కోసం చేర్చాడు. బాగానే పడ్డాయి.

"విప్పితే చస్తాయండీ," అన్నాడు పోలయ్య.

"విప్పకపోతే ఎవరి గేటులో చచ్చాయో ఎలా తెలుస్తుందయ్యా?"

అరవై కొమ్మలతో మొదటి సరుకు బయల్దేరే రోజున చైర్మన్ స్వయంగా దక్షిణ దీవికి వచ్చాడు. బొండానికి ఒక్కటే కొమ్మ ఉండడం చూసి మొహం చిట్లించాడు.

"ఇదేమన్నా ఏకాంత శిక్షా? అయిదేసి పెట్టండి. ఐకమత్యం నేర్చుకుంటాయి."

"కుట్టుకుంటాయండీ."

"మనం కుట్టుకోవడం లేదా? అయినా కలిసే ఉన్నాం కదా," అన్నాడు జంబుకరావు. మండలి సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకుని తలలూపారు.

మొదటి గేటులో నీటికుక్క మైనం పీకి, చెయ్యి పెట్టి చూసి, కళ్లనీళ్లు పెట్టుకుంది. "అయ్యో పాపం, వణుకుతున్నాయి. చలేస్తోంది కాబోలు." బొండాలు పన్నెండూ మూత తీసి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టింది. నీటికుక్క చాలా మంచిది. దుర్మార్గుల బారి నుంచి పారిపోయి బతికినవాళ్లని చూశాను గాని, మంచివాళ్ల చేతుల్లోంచి తప్పించుకున్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు. 'ప్రాణంతో ఉన్నవి' అని సంతకం పెట్టింది.

రెండో గేటులో కోతి చెవి ఆనించి వింది. "శబ్దం లేదు. ఊపిరాడట్లేదురోయ్," అని మొన తేలిన కర్ర ఒకటి తీసి ప్రతి బొండానికీ నాలుగేసి బొక్కలు పొడిచింది. లోపలి సముద్రపు నీళ్లు బయటికి, బయటి బురదనీళ్లు లోపలికి పోయాయి. 'ప్రాణంతో ఉన్నవి.' సంతకం.

మూడో గేటు కొంగది. రూలు దాటని మనిషి అని దానికి పేరు. చైర్మన్ ఇచ్చిన కాగితంలో 'మొత్తం ప్రాణాలు ఎన్ని' అని ఒక గడి ఉంది.

"అరవై," అంది నూకాలమ్మ.

కొంగ ఒక కొమ్మని ముక్కుతో బయటికి తీసి, ఒంటికాలి మీద నిలబడి పరీక్షగా చూసింది. "దీనికి సన్నసన్నగా నోళ్లున్నాయి. నోరున్న ప్రతిదీ ఒక ప్రాణమే. లెక్క తేలాలి."

"ఒక్కో కొమ్మకి వందలుంటాయి నాయనా."

"అయితే వందలు రాస్తాను. నాకేం బద్ధకం లేదు."

లెక్కకి రెండు రోజులు పట్టింది. చివరికొచ్చేసరికి అన్ని నోళ్లూ మూసుకుపోయి ఉండడం వల్ల లెక్క సులువైందని కొంగ సంతోషించింది. సంతకం పెట్టింది.

ఉత్తరపు ఒడ్డున చైర్మన్ మేళతాళాలతో ఎదురొచ్చాడు. బొండాలు పగలగొట్టారు. కొమ్మలన్నీ తెల్లగా, కంపు కొడుతూ ఉన్నాయి.

"తెల్లగా ఉన్నాయే. ప్రయాణంలో శుభ్రపడ్డాయన్నమాట," అన్నాడు జంబుకరావు.

"చచ్చిపోయాయండి," అంది నూకాలమ్మ.

"ఎక్కడ చచ్చాయి? ఏ గేటులో?" చైర్మన్ కాగితాలు విప్పాడు. "మూడు చోట్లా ప్రాణంతో ఉన్నాయి. సంతకాలున్నాయి. ఇక చావడానికి వాటికి చోటేది?"

అరవై శవాలనీ వరసగా నాటించి, ముందు బోర్డు పెట్టించాడు. వాటిలో అందంగా ఉన్నవి రెండు ఏరి, తన గుహ గుమ్మానికి అటూ ఇటూ పెట్టమని నూకాలమ్మకి అప్పగించాడు. పోలయ్యకి ఏడుపొచ్చింది. ఆ వారమే అతని సగం బొరియ కూడా కొట్టుకుపోయింది. ఇల్లు లేక నూకాలమ్మ వీపు మీదే కాపురం పెట్టాడు.

చైర్మన్ గుహ దక్షిణం వైపు ఉంది. ఆ రెండు కొమ్మలూ లాక్కుంటూ నూకాలమ్మ తిరిగి పాయలో వెళ్తుంటే, కొంగ చేపలకి పోయి ఉంది గాని, రెండో గేటులో కోతి అడ్డుపడింది.

"ఏం సరుకు?"

నూకాలమ్మకి ఒళ్లు మండి ఉంది. "చచ్చిన పగడాలు," అంది.

"ఓస్, చచ్చినవా. పో పో."

"చూడవా? విప్పవా?"

"చచ్చినదాన్ని చూసేదేముంది? మళ్లీ చావదు కదా. నా మెడకి చుట్టుకోదు," అని కోతి చెట్టెక్కి పడుకుంది.

నూకాలమ్మ చెట్టు మీద గురక పెడుతున్న కోతిని ఒకసారి చూసింది. తర్వాత వీపు మీద ఉన్న పోలయ్యతో, "బొండాలు ఇరవై కావాల్రా," అంది.

దక్షిణ దీవి దగ్గర మిగిలినవి ఆ ఇరవై కొమ్మలే. అప్పటికే నీళ్లు వెచ్చబడుతున్నాయి. ఇవి పోతే ఇంక ఎక్కడా లేవు. పోలయ్య ఒక్కో ముడీ రెండుసార్లు వేశాడు. బొండానికి ఒకటే, మూతికి మైనం.

"ఏం సరుకు?" అంది నీటికుక్క.

"చచ్చినవి తల్లీ."

నీటికుక్క ఒక కన్నీటి బొట్టు రాల్చి దారి ఇచ్చింది. కోతి లేవనే లేదు. కొంగ మాత్రం బొండం దగ్గరికొచ్చి ముక్కు ఎత్తింది.

"చచ్చినవాటికి మైనం ఎందుకు?"

పోలయ్య తాబేలు వీపు మీంచి బొండం మీదికి దూకాడు. "కంపండీ," అన్నాడు. "తమరు అసలే శుభ్రం మనుషులు. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తానంటే విప్పుతాను."

కొంగ రెండడుగులు వెనక్కి వేసి, పుస్తకంలో 'చచ్చిన సరుకు, ఇరవై బొండాలు' అని రాసుకుంది.

ఒక్క పోటులో చేరాయి. బోర్డుకి దూరంగా, రాతి చాటున నాటారు. నెల తిరిగేసరికి చిగుళ్లు వేశాయి. ఏడాదికి చిన్న చేపలు వచ్చి చేరాయి. అల అక్కడ కాస్త తడబడడం చూసి పోలయ్య కొత్త బొరియ తవ్వుకున్నాడు. ఈసారి ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో మండలి కీర్తి పక్క అడవికి పాకింది. అక్కణ్నుంచి ఏనుగు గారు చూడ్డానికి వచ్చారు. ఆటు వేళ నీళ్లు తేటగా ఉన్నాయి. చైర్మన్ బోర్డు దగ్గర నిలబడి, నాచు పట్టిన తెల్లరాళ్లు చూపించాడు.

"ఇవి బతికున్న పగడాలు. నా గుమ్మం దగ్గరి రెండూ కలిపి అరవైకి అరవై."

"ఆహా," అంది ఏనుగు. "మరి ఆ రాతి చాటున ఎర్రగా, ఊదాగా, చేపలు తిరుగుతూ ఉన్నవేంటి?"

జంబుకరావు అప్పుడే చూశాడు వాటిని. చూసి కొంగ వైపు తిరిగాడు. కొంగ పుస్తకం తీసి చదివింది: "చచ్చిన సరుకు, ఇరవై బొండాలు."

బొరియ గుమ్మంలోంచి పోలయ్య వింటున్నాడు. బతికున్నాయని ఒక్క మాట అంటే చాలు, రేపటికి వాటి నోళ్లు లెక్కపెట్టడానికి కొంగ దిగుతుంది.

నక్క తెలివితక్కువదేం కాదు. అవి బతికినవైతే మూడు గేట్లూ గుడ్డివని తేలుతుంది. తర్వాత ఎవరో ఒకరు ఈ అరవై సంగతీ అడుగుతారు. ఏనుగు వైపు తిరిగాడు.

"అవి చచ్చిన రాళ్లండి. పట్టించుకోకండి."

"పాపం," అంది ఏనుగు. "మాకు చచ్చినవెందుకు, బతికినవే రెండు ఇప్పించండి."

నాచురాళ్లు రెండు బొండాల్లో పెట్టి, మూడు గేట్లలోనూ విప్పి, ఎండబెట్టి, బొక్కలు పొడిచి, లెక్కపెట్టి పంపించారు. దారిలో ఒక్కటి కూడా చావలేదు. ఇంత గొప్ప ఫలితం ఏ అడవిలోనూ ఎవరూ చూసి ఉండరు. పక్క అడవివాళ్లు మురిసిపోయి, చైర్మన్‌కి సన్మానం చేస్తాం రమ్మని కబురుపెట్టారు.

పక్క అడవికీ ఆ పాయలోంచే వెళ్లాలి. జంబుకరావు శాలువా కప్పుకుని ఉత్తరపు ఒడ్డున తెప్ప మీద కూర్చుంటే, తాడు పట్టి లాగడం నూకాలమ్మ వంతు. ఆమె వీపు మీద తోడుగా పోలయ్య ఎక్కాడు. ఈసారి ముందు వచ్చింది కొంగ గేటు.

"ఏం సరుకు?"

"నేనయ్యా, చైర్మన్‌ని."

"ప్రాణంతో ఉన్నారా?"

"కనపడడం లేదూ?"

"అయితే ఆపాలండి. ఎంతటివారికైనా మినహాయింపు లేదని తమరే రాశారు," అని కొంగ శాలువా పక్కన పెట్టింది. "తమరు ఒక ప్రాణం. తమ ఒంటి మీద పేలెన్ని?"

కొంగ రోమం రోమం ముక్కుతో విడదీసి లెక్కపెట్టింది. ఆటు పోయి పోటు వచ్చి మళ్లీ ఆటు పోయింది. నాలుగు వందల పదమూడు ప్రాణాలు అని సంతకం పెట్టేసరికి చైర్మన్ ఒంటి మీద సగం బొచ్చు లేదు.

తెప్ప కదిలింది. మలుపు తిరగ్గానే రెండో గేటు కనిపించింది. కోతి గట్టు మీద కూర్చుని మొన తేలిన కర్రని రాతికి నూరుతోంది.

"ఆ కర్ర దేనికి నూకాలమ్మా?" అని అడిగాడు జంబుకరావు.

"ప్రాణమున్న సరుకుకి ఊపిరాడాలని బొక్కలు పొడుస్తుందండి. తమరు పెట్టిన గేటే." నూకాలమ్మ నెమ్మదిగా ఈదుతోంది. "ఆ తర్వాత నీటికుక్క గేటండి. ఆవిడ ఎండబెడుతుంది. అడిగితే ఏం సరుకని చెప్పమంటారు బాబూ?"

జంబుకరావు కర్రని చూశాడు. నూకాలమ్మని చూశాడు. ఎర్రగా ఊదాగా మెరిసిన ఆ ఇరవై కొమ్మలూ ఈ దారిన ఎలా వచ్చాయో ఆయనకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ పైకెత్తి, కళ్లు మూసి, నాలుక పక్కకి వేలాడేశాడు.

"ఏం సరుకు?" అంది కోతి.

"చచ్చిన నక్క."

"ఓస్. పో పో."

తెప్ప గేటు దాటాక, "ఇరవై ఒకటి," అన్నాడు పోలయ్య వీపు మీంచి.

నీతి: మిమ్మల్ని కాపాడేవాళ్లు ఎదురొస్తే, ముందు కళ్లు మూసుకుని నాలుక బయట పెట్టండి.