టికెట్టు మీద ఇద్దరు

ఆ బుధవారం ఉదయం ముసెంబి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి నకురు బస్టాండు దగ్గర ఒక ముసలి దంపతులను వ్యానెక్కించుకోవాలి. పదిలోగా వాళ్ళకు ఒక సింహాన్నో ఖడ్గమృగాన్నో చూపించాలి. మధ్యాహ్నం వాళ్ళు భోంచేస్తుంటే వ్యాను నీడలో ఒక కునుకు తీయాలి. నాలుగింటికి మళ్ళీ బస్టాండులో దింపేయాలి. ఆ తరువాత ఏం చేయాలన్నది పథకంలో లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఊరి పక్కనున్న జంతువుల పార్కులో సందర్శకుల బండి తోలుతున్నా, సాయంత్రం నాలుగు దాటాక తప్పకుండా చేయవలసిన పని అతనికి ఒక్కటీ తగల్లేదు. అద్దె గదికి పోయి, టీ కాచుకుని, పక్క గది మొగుడూ పెళ్ళాల పోట్లాట వింటూ పడుకునేవాడు. వాళ్ళు పోట్లాడుకోని రోజు అతనికి నిద్ర పట్టేది కాదు.

అందుకే బండెక్కినవాళ్ళతో తెగ మాట్లాడేవాడు. జంతువుల గురించి చెప్పడం అయిపోయాక వాళ్ళు ఎలాగూ అడుగుతారు, పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని. అయింది, కానీ ఆవిడ "నువ్వా సింహాలతోనే కాపురం చేసుకో" అని పెట్టె సర్దుకుని మొంబాసా వెళ్ళిపోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. సెలవు మీద సంతోషంగా తిరగడానికి వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పడానికి నోరు రాక, మొదటిసారి "మా ఊరు మచకోస్‌లో ఉన్నారండీ, ఆవిడా ఒక బాబూ" అన్నాడు. కాలం గడిచేకొద్దీ సంసారం పెరిగింది. జర్మనీవాళ్ళకు పిల్లలు ముగ్గురని చెప్పాడు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు నలుగురని చెప్పాడు. వాళ్ళు మరీ గుచ్చి గుచ్చి అడిగేసరికి పెద్దమ్మాయికి పెళ్ళి కూడా చేసేశాడు.

బస్టాండు దగ్గర వ్యానెక్కింది ఒక్కరే. పేరు ముకాబ్వా. కకమేగా నుంచి ముందురోజే వచ్చి బస చేశాడట. చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పాతదైనా చక్కగా ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో పసుపు రిబ్బను కట్టిన ఆడవాళ్ళ గడ్డి టోపీ.

"అమ్మగారు రాలేదా పెద్దాయనా? టికెట్టు మీద ఇద్దరని ఉంది."

"వచ్చినట్టే అనుకో నాయనా," అంటూ ఆయన టోపీని కిటికీ పక్క సీటులో జాగ్రత్తగా పెట్టి తను ఇవతల కూర్చున్నాడు.

ఆ 'వచ్చినట్టే' దగ్గర ముసెంబి ఆగి ఉండవలసింది. ఆవిడకు ఒంట్లో బాగాలేదేమో, సాయంత్రం బస్టాండుకు వస్తుందేమో అనుకుని ఊరుకున్నాడు. గేటు దగ్గర గుమాస్తా టికెట్టు చూసి, దుమ్ముపట్టిన అద్దంలోంచి టోపీని చూసి, "ఇద్దరు" అని పుస్తకంలో రాసుకున్నాడు. వెనక తొమ్మిది బళ్ళు హారన్లు కొడుతున్నాయి. కాదంటే టికెట్టు మార్చుకురావడానికి మళ్ళీ ఊళ్ళోకి పోవాలి. ముసెంబి తలూపి బండి ముందుకు పోనిచ్చాడు.

ఆ రోజు జంతువులన్నీ కూడబలుక్కున్నట్టు ఎటో పోయాయి. పార్కులోని సరస్సు మీద ఫ్లెమింగో కొంగలు మాత్రం దూరంగా గులాబీరంగు గీతలా కనిపించాయి. జిరాఫీలను చూసి ముకాబ్వా తలపంకించాడు గాని కెమెరా తీయలేదు, ప్రశ్న అడగలేదు. ముసెంబి తన మచకోస్ సంసారం గురించి ఎత్తుకున్నాడు. పెద్దాయన కిటికీలోంచి చూస్తూ "మంచిది" అన్నాడు. ఇంత చిన్న మాటకు తన పిల్లలు ఎన్నడూ అమ్ముడుపోలేదని ముసెంబికి చిన్నతనమనిపించింది.

"ఖడ్గమృగం కనబడుతుందా?" అని మాత్రం పెద్దాయన ఒకసారి అడిగాడు.

"ఈ పార్కులో కనబడకపోవడమేమిటండీ!" అన్నాడు ముసెంబి. మధ్యాహ్నం ఒంటిగంట దాకా కనబడలేదు.

పసుపు బెరడు తుమ్మచెట్ల కింద భోజనాల చోటుంది. ముసెంబి రెండు భోజనం డబ్బాలూ ఆయన చేతికిచ్చి, వ్యాను అవతలి పక్క నీడలో నడుం వాల్చాడు. ముకాబ్వా చెట్టు కింద రాతి మీద కూర్చుని, ఎదుట రాతి మీద టోపీని పెట్టి, దాని ముందు రెండో డబ్బా మూత తీసి పెట్టాడు. పార్కులో బబూన్ కోతులకు ఇంతకంటే మర్యాదైన ఆహ్వానం ఎప్పుడూ అందలేదు. ఒక పెద్ద మగ కోతి తాపీగా నడిచివచ్చి, ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో టోపీ అందుకుని పొదల్లోకి పోయింది.

"డోర్కస్‌ది! అయ్యో, డోర్కస్‌ది ఎత్తుకుపోయింది!" అని పెద్దాయన పొదలవైపు పరుగెత్తాడు. గబగబా పది అడుగులు వేసి, చెట్టు వేరు తన్నుకుని బోర్లా పడ్డాడు.

సరిగ్గా అప్పుడు ఆ దారిన పోతున్నది కిప్రోనో బండి. నకురు డ్రైవర్లలో కిప్రోనోకు ఒక పేరుంది. వైర్‌లెస్ చెడిపోయినా అతని నోరుంటే చాలంటారు. ఇంజను చప్పుడులో అతనికి 'డోర్కస్‌ని ఎత్తుకుపోయింది' అని వినబడింది. బండాపి దిగి, పెద్దాయనను లేవదీశాడు.

"ఎవరు పెద్దాయనా డోర్కస్?"

"నా భార్య," అన్నాడు ముకాబ్వా. ఆ పైన ఇంకేదో చెప్పబోయాడు.

"మాట్లాడకండి, మాట్లాడకండి. నీళ్ళు తాగండి," అని కిప్రోనో సీసా నోటికి అందించి, రెండో చేత్తో వైర్‌లెస్ అందుకున్నాడు.

ముసెంబి కళ్ళు నులుముకుంటూ లేచి వచ్చేసరికి వార్త సరస్సు అవతలి ఒడ్డుకు చేరిపోయింది. భోజనాల చోట ఒక ముసలమ్మను ఏదో జంతువు ఎత్తుకుపోయిందని కిప్రోనో చెప్పాడు. విన్న డ్రైవరు దాన్ని చిరుత చేశాడు. మూడో డ్రైవరు దగ్గరికొచ్చేసరికి రెండు సింహాలయ్యాయి. పొద్దుటినుంచి ఒక్క సింహమూ కనబడక ఉసూరుమంటున్న సందర్శకులంతా పైకప్పులు లేపుకుని, దుర్భిణులు పట్టుకుని వచ్చేశారు. అరగంటలో పదిహేడు బళ్ళు చేరాయి.

"అరె బాబూ, ఇందులో ముసలమ్మే లేదు," అని ముసెంబి ఒక్కొక్క బండి దగ్గరికీ వెళ్ళి చెప్పాడు.

"అవును పాపం, ఇప్పుడెక్కడుంటుంది," అని అందరూ అంగీకరించారు.

పెద్దాయన చెప్పగలడు. కానీ ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు "మాట్లాడకండి" అని నీళ్ళు తాగిస్తున్నారు. నకురులో ఒక చర్చి ఆడవాళ్ళు పాతికమంది చిన్న బస్సు వేసుకుని వచ్చారు. వాళ్ళ పెద్ద ట్రుఫేనమ్మ భారీ మనిషి. ఆవిడ దిగీ దిగడంతోనే పెద్దాయన తలను తన భుజానికి ఆనించుకుంది. దాంతో ఆయనకు మాటే కాదు, ఊపిరి కూడా ఆడలేదు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. చూస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఈలోగా పార్కు కాపలా సార్జెంట్ నసేరియన్ ఇద్దరు రేంజర్లతో దిగింది. సన్నగా, పొడుగ్గా, నవ్వుతో ఏ పరిచయమూ లేని మసాయి తెగ మనిషి. ముందు వైర్‌లెస్‌లో గేటును అడిగింది. తరువాత ముసెంబిని పిలిచింది.

"గేటు పుస్తకంలో ఇద్దరని ఉంది. ఇక్కడ ఒక్కరున్నారు. రెండోవారేరయ్యా?"

"ఒక్కరే వచ్చారు మేడమ్. నిజంగా."

"ఒక్కరే వస్తే ఇద్దరని రాస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"టికెట్టు మార్చాలంటే మళ్ళీ ఊళ్ళోకి పోవాలి మేడమ్."

"ఇతని లెక్కలు నమ్మకండి మేడమ్," అని కిప్రోనో ముందుకొచ్చాడు. "సొంత పిల్లల లెక్కే తెలియదు. జర్మనీవాళ్ళకు ముగ్గురంటాడు, ఇండియావాళ్ళకు నలుగురంటాడు. కన్నపిల్లలనే లెక్కపెట్టలేనివాడు బండెక్కినవాళ్ళను లెక్కపెడతాడా?"

డ్రైవర్లంతా నవ్వారు. సార్జెంటు నవ్వలేదు. "ఎంతమందయ్యా నీ పిల్లలు?"

పదిహేడు బళ్ళ జనం చూస్తున్నారు. ముసెంబి చెప్పుల వంక చూసుకున్నాడు. ముగ్గురంటే నలుగురని ఎందుకన్నావంటారు, నలుగురంటే ముగ్గురని ఎందుకన్నావంటారు.

"ఎవరూ లేరు మేడమ్."

"ఎవరూ లేరంటే?"

"పిల్లల్లేరు. మా ఆవిడా లేదు. మొంబాసాలో ఉంటుంది, వేరే ఆయనతో. అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెబుతూ వచ్చాను."

నవ్వులు ఆగిపోయాయి. కిప్రోనో అంతటివాడు కూడా వైర్‌లెస్ తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన బళ్ళు తోలారు. మచకోస్‌లోని ముసెంబి పెద్దమ్మాయి పెళ్ళికి తనను పిలవలేదని అతను రెండేళ్ళుగా కోపంతో ఉన్నాడు.

"అంటే లేనివాళ్ళను ఉన్నారంటావు. ఇప్పుడు ఉన్నావిడను లేదంటున్నావు," అంది సార్జెంటు. "వ్యాను తాళాలు ఇటివ్వు."

సరిగ్గా అప్పుడే పొదల్లోంచి ఒక రేంజరు వచ్చాడు. ఒక చేతిలో నలిగిన భోజనం డబ్బా, రెండో చేతిలో సగం నమిలిన గడ్డి టోపీ. పసుపు రిబ్బను వేలాడుతోంది. జనంలోంచి ఒక్కసారిగా "అయ్యో" అన్న మూలుగు లేచింది. ముకాబ్వా చేతులు చాచి టోపీని అందుకుని గుండెకు హత్తుకున్నాడు. ఇక సాక్ష్యం ఎవరికి కావాలి?

"ప్రార్థన చేద్దాం," అంది ట్రుఫేనమ్మ. "అందరూ కళ్ళు మూసుకోండి. ప్రభువా, మా డోర్కసమ్మ బతికుంటే క్షేమంగా తెచ్చివ్వు. లేకపోతే నీ సన్నిధిలో మంచి చోటివ్వు. ఏదైనా కానీ, ఈ పెద్దాయన చేయి మాత్రం వదలకు."

పదిహేడు బళ్ళలోని మనుషులు తలలు వంచారు. డ్రైవర్లు టోపీలు తీశారు. సార్జెంటు కూడా కళ్ళు మూసుకుంది. ముసెంబి మూసుకోలేదు. అతనికి దేవుడి మీద కంటే తాళాల మీద బెంగగా ఉంది. సార్జెంటు చేతిలోని ఆ తాళాల వంక చూస్తూ తల తిప్పితే, అవతల ఎండు గడ్డిలో రెండొందల అడుగుల దూరాన ఒక తెల్ల ఖడ్గమృగం తన పిల్లను వెంటబెట్టుకుని పొదల్లోంచి బయటికొచ్చింది. అరవకూడదు. కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఒక్క ముకాబ్వా ఉన్నాడు. ట్రుఫేనమ్మ భుజం మీదుగా ఆయన అటే చూస్తున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తల్లి గడ్డి మేస్తోంది, పిల్ల దాని కాళ్ళ సందుల్లో దూరుతోంది. ప్రార్థన పొడుగ్గా సాగింది. అది ఇంకా సాగితే బాగుండునని ముసెంబి మొదటిసారి కోరుకున్నాడు. "ఆమెన్" అని అందరూ ఒక్క గొంతుతో అనేసరికి రెండూ ఉలిక్కిపడి పొదల్లోకి పోయాయి.

సార్జెంటు కాగితం తీసి పెద్దాయన ముందు గొంతుకూర్చుంది. "ఒక్క సంగతి చెప్పండి బాబాయ్. అమ్మను ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

ఈసారి ఎవరూ నీళ్ళివ్వలేదు. సీసాలు అయిపోయాయి.

"ఏప్రిల్‌లోనమ్మా," అన్నాడు ముకాబ్వా.

"ఏప్రిల్?"

"పోయిన ఏప్రిల్. కకమేగా ఆస్పత్రిలో. అక్కడే పోయింది."

ఎవరో పైకప్పు మీది దుర్భిణి దించారు.

"ముప్ఫై ఒక్కేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పింది," అన్నాడాయన, టోపీ అంచు సరిచేస్తూ. "ప్రతి ఏడాదీ ఖడ్గమృగం పాఠం చెప్పేది, దాన్ని ఎన్నడూ చూడలేదు. ఇద్దరం వెళ్దామని నిరుడే టికెట్టు కొనుక్కుంది. ఎత్తుకుపోయింది టోపీనమ్మా. చెబుదామనే అనుకున్నాను. మీరంతా ఏడుస్తుంటే... మా ఊళ్ళో ఆమెను సాగనంపినప్పుడు ఆరొందల మంది వచ్చారు. డేరాలు, కుర్చీలు, ఎద్దు మాంసం చాలుతుందా లేదా అని మూడు రోజులూ నేను పరుగులే. కూర్చుని ఏడవడానికి తీరిక దొరకలేదు. తరువాత తీరికే మిగిలింది గాని, పక్కన మనుషుల్లేరు."

సార్జెంటు కలం మూత పెట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ముసెంబి తాళాలు ముసెంబికిచ్చింది. పైకప్పుల మీది జనంలో ఒకరిద్దరు మొహం చిట్లించారు. సగం రోజు పాడైందని ఒకాయన గొణిగాడు కూడా. ట్రుఫేనమ్మ ఆయన వంక ఒక్క చూపు చూసింది.

"ఏప్రిల్ అయితేనేం? చేసిన ప్రార్థన ఎక్కడికీ పోదు," అని ఆవిడ తమ బస్సులోంచి చపాతీల గిన్నె, టీ ఫ్లాస్కూ తెప్పించి పెద్దాయన ముందు పెట్టింది. జనం ఒక్కొక్కరే దిగివచ్చి ఆయన చేయి పట్టుకుని వెళ్ళారు. ఆఖరున కిప్రోనో వచ్చి ముసెంబి పక్కన నిలబడ్డాడు.

"మొంబాసా సంగతి నాకైనా చెప్పొచ్చుగా."

"నీకా? నీకు చెబితే వైర్‌లెస్‌కు చెప్పినట్టేగా."

"అదీ నిజమేలే," అన్నాడు కిప్రోనో. వెళ్ళబోయి, "ఏదైనా ఒక ఆదివారం మా ఇంటికి తిండికి రా," అనేసి వెళ్ళిపోయాడు.

బళ్ళన్నీ పోయాక తుమ్మచెట్ల కింద ఇద్దరే మిగిలారు. ముసెంబికి ఖడ్గమృగం బరువెంతో, ఎన్నేళ్ళు బతుకుతుందో అన్నీ కంఠస్థమే, కానీ ఏదీ నోటికి రాలేదు. ముకాబ్వాయే ఒక చపాతీ సగానికి తుంచి అతనికిచ్చాడు.

"చూశావుగా నువ్వు కూడా?"

"చూశాను పెద్దాయనా. పిల్ల కూడా ఉంది."

"ఆఁ, పిల్ల కూడా ఉంది. పాఠంలో పిల్ల లేదు," అని నవ్వి, ఆ పైన దారంతా ఆయనే మాట్లాడాడు. గేటు దాటినా, బస్టాండు వచ్చినా ఆపలేదు. చెరకు బండ్లవాళ్ళు కాటా దగ్గర చేసే మోసాలు, డోర్కస్ పిల్లల చేత ఎక్కాలు వల్లెవేయించిన తీరు, అన్నీ చెప్పాడు. ముసెంబి ఇంజను ఆపేసి వింటూ కూర్చున్నాడు. ఆరున్నరైంది. నాలుగు దాటి రెండున్నర గంటలైనట్టు అతనికి తెలియనే లేదు.

మర్నాడు ఆఫీసువాళ్ళు సంజాయిషీ రాయించుకుని, శిక్షగా అతన్ని వారం రోజులు బండెక్కవద్దన్నారు. పద్దెనిమిదేళ్ళలో మొదటి సెలవు. గదిలో కూర్చుని ఆ వారం ఎలా గడపాలో ఆలోచిస్తుంటే ఫోను మోగింది.

"మీ ఆఫీసుకు ఫోను చేస్తే చెప్పారు, ఖాళీగానే ఉన్నావుగా నాయనా," అన్నాడు ముకాబ్వా. "కకమేగా బస్సెక్కు."

ముసెంబి వెళ్ళాడు. ఆ వారమంతటిలో అతను చూసిన జంతువు పెరట్లో తిరిగే కోడిపుంజు ఒక్కటే, అదీ రెండో రోజు మధ్యాహ్నం భోజనం దాకానే.