తఫీదా పిన్నికి వీడ్కోలు

ఆ గురువారం పొద్దున వగ్దీ పెట్టుకున్న పనులు మూడే. సంఘం నెలవారీ వార్తలు పంపడం, గెడ్డం గీసుకోవడం, సాయంత్రం పిన్నికి ఒక చేదు కబురు తియ్యగా చెప్పడం. మూడోదాని కోసం ముందుజాగ్రత్తగా అరకిలో బస్బూసా మిఠాయి కట్టించి ఉంచాడు.

పద్నాలుగేళ్ళ కిందట అలెగ్జాండ్రియాలో, ఇబ్రాహిమియ్యాలోని పిన్ని ఇంటి వెనకగదిలో, నలుగురు కుర్రాళ్ళు ఒకే కంప్యూటర్ ముందు ఇరుక్కుని కూర్చుని, వెబ్‌సైట్లు కట్టుకునేవాళ్ళ కోసం ఒక చట్రం తయారుచేశారు. గోడలూ తలుపులూ సిద్ధంగా ఉంటాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, పాడైతే ఎవరైనా బాగుచెయ్యవచ్చు. పూటపూటా గిన్నెలు నింపి వాళ్ళని సాకిన పిన్ని పేరే దానికి పెట్టారు: తఫీదా. సైటు మొరాయించినప్పుడల్లా తెర మీద ఆవిడ మాటే కనిపించేది: "ఏదో తప్పయింది నాయనా, కాస్త మంచినీళ్ళు తాగి మళ్ళీ చూడు." ట్యూనిస్ నుంచి మస్కట్ దాకా వేలమంది ఆ మాట చదివి, నిజంగానే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగారు.

తరవాత ముగ్గురు తలోదారీ పట్టారు. వగ్దీ ఒక్కడే మిగిలాడు. ఆ చట్రాన్ని చూసుకునే సంఘంలో కొత్తగా చేరిన పిల్లలు కొత్త చట్రం రాసి, దానికి పేరు బదులు అంకె పెట్టారు. పాతదాన్ని మూసేద్దామని ఓటింగ్ జరిగితే వగ్దీ కూడా చెయ్యెత్తాడు. ఎత్తినప్పటినుంచీ అతనికి అన్నం సహించలేదు. ఆ దిగులంతా వార్తల శీర్షికలో ఒలకబోశాడు: 'మనల్ని పద్నాలుగేళ్ళు సాకిన తఫీదా నేటితో కన్నుమూసింది. సాయంత్రం ఐదింటికి ఆమె ఇంటి కింది కాఫీ దుకాణంలో వీడ్కోలు.' వచ్చినవాళ్ళంతా కలిసి పైకెళ్ళి పిన్నికి చెబితే కాస్త తేలిగ్గా ఉంటుందని అతని ఆశ.

పదింటికి శుక్రీ ఫోన్ చేశాడు. ఆ నలుగురిలో ఒకడు. ఇప్పుడు దమన్‌హూర్‌లో టైల్స్ అమ్ముకుంటున్నాడు. ఏదైనా శీర్షిక దాటి చదివే అలవాటు అతనికి మొదటినుంచీ లేదు.

"ఒరేయ్ వగ్దీ, నిజమేనా?" అని శుక్రీ ముక్కు చీదాడు.

"నిజమేరా. ఎన్నాళ్ళని లాగుతాం? బాగా నెమ్మదించిపోయింది. ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట పాడయ్యేది."

"అయ్యో! చూసుకునేవాళ్ళే లేకపోయారా?"

"నేనొక్కణ్ణేగా! అందుకే ఓటు పెట్టాం. పదకొండుమంది చాలన్నారు, ఇద్దరు వద్దన్నారు."

"ఓటు... పెట్టారా?"

"ఆర్నెల్ల ముందే నోటీసు కూడా ఇచ్చాంరా."

"నువ్వసలు మనిషివేనా?" అని శుక్రీ ఫోన్ పెట్టేశాడు.

పాతప్రేమ వీడికింకా చావలేదు పాపం అనుకుని వగ్దీ కళ్ళొత్తుకున్నాడు.

ఏడుపొస్తే శుక్రీ మహా పనిమంతుడు. గంటలో పాతవాళ్ళందరికీ, పందిరి వేసేవాళ్ళకీ కబురు చేరింది. సంఘం గుంపులో కొత్త పిల్లలు అది చట్రం సంగతేనని తెలిసి, సరదాకి 'దేవుడు మనకు ఓర్పునిచ్చుగాక' అని రాశారు. అది చూసి పాతవాళ్ళు ఏడ్చారు. పాతవాళ్ళ ఏడుపు చూసి పిల్లలు హడలిపోయారు.

నాలుగున్నరకు వగ్దీ బస్బూసా పొట్లంతో ట్రామ్ దిగి సందులోకి తిరిగాడు. సందుకు అడ్డంగా ఎర్రగుడ్డల సంతాప పందిరి. బంగారురంగు కుర్చీలు. ఖురాన్ చదవడానికి వచ్చిన షేక్‌గారు గొంతు సవరించుకుంటున్నాడు. పంచదార లేని కాఫీ తిరుగుతోంది.

"ఎవరు పోయారయ్యా?" అని పిన్ని ఇంటి కాపలాదారైన మౌజూద్‌ని అడిగాడు వగ్దీ.

"మీ పిన్నిగారేనట కదా బాబూ. పొద్దున చేపలకని వెళ్ళారు, ఇంకా రాలేదు. నాకూ వీళ్ళు చెబితేనే తెలిసింది."

వగ్దీ చివరి కుర్చీలో కూలబడి, పొట్లం ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శుక్రీ చెయ్యి కలపలేదు. ముందు వరుసలో ఎవరో, పరీక్ష తప్పిననాడు పిన్ని తనకి రెండు గుడ్లు ఎక్కువ వేసిందని చెబుతున్నాడు. ఇంకెవరో, ఆవిడ కంప్యూటర్ మీద అల్లిక గుడ్డ కప్పి 'దానికీ విశ్రాంతి కావాలి' అనేదని గుర్తుచేశాడు.

పక్క కుర్చీ కిర్రుమంది. చేపల వాసన వేసింది.

"ఎవర్రా పోయింది?" అని ఎవరో గుసగుసగా అడిగారు.

"తఫీదా పిన్ని," అన్నాడు వగ్దీ తలెత్తకుండానే.

"అయ్యో రాత! ఏ తఫీదా?"

"మా పిన్నేనండీ..." అని తలెత్తాడు.

అతను పెట్టిన కేకకు నాలుగు కాఫీ కప్పులు పగిలాయి. శుక్రీ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. సంగతి విడమరచి చెప్పేసరికి పావుగంట పట్టింది.

"అంటే నేను కాదు, నా పేరు పెట్టుకున్నది పోయింది," అంది పిన్ని. "ఎవరు చంపారు?"

అందరూ వగ్దీ వైపు చూశారు.

"ముసలిదైపోయింది పిన్నీ. నెమ్మదించింది..."

"మోకాళ్ళు నాకూ నెమ్మదించాయి. నా మీదా ఓటు పెడతావా?"

వగ్దీ తల దించుకున్నాడు. "ఒక్కణ్ణీ మొయ్యలేకపోయాను పిన్నీ."

"ఒక్కడివైపోయానని ఎప్పుడైనా చెప్పి ఏడ్చావురా?" అని శుక్రీ విరుచుకుపడ్డాడు.

"ప్రతి నెలా వార్తల్లో రాశాను. మూడో పేరాలో."

అక్కడున్న పాతవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"చేపలు పాడైపోతాయి, పదండి పైకి," అంది పిన్ని.

వెనకగదిలో సయ్యాదియా అనే చేపల అన్నం పళ్ళేల చుట్టూ పాత నలుగురూ మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు పొట్టలు అడ్డొస్తున్నాయి గాని ఎవరూ కదల్లేదు. శుక్రీ చెయ్యి కడుక్కుని, కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, "ఎక్కడ పాడైందో చూపించరా," అన్నాడు. మర్నాడు కొత్త పిల్లలు మళ్ళీ ఓటు పెట్టారు. తఫీదాకు ఇంకో మూడేళ్ళ ఆయుష్షు వచ్చింది.

ఇకమీదట వార్తలు పంపేముందు పిన్నికి చదివి వినిపించాలని కూడా సంఘం తీర్మానించింది. మొదటి నెల ఆవిడ చివరి పేరా దాకా శ్రద్ధగా విని, ఇంతమంది ఉన్న సంఘంలో ఒక్క పెళ్ళికబురైనా లేదేమని అడిగింది.