రాణి ఆటా, అక్క ఆటా?

భార్యతో కలిసి ఆడవలసిన వీడియో గేమును ఎంపిక చేసే ప్రక్రియ దిగ్విజయంగా ముగిసిందని కొనుగోళ్ల అధికారిగారు భోజనాల బల్ల దగ్గర ప్రకటించారు. నాలుగు రోజుల సెలవులో అప్పటికి మిగిలింది ఆ సాయంత్రమొక్కటే.

ఆయన ఆషామాషీ మనిషి కాదు. ఆఫీసుకు ఒక కుర్చీ కొనాలంటే నాలుగు రకాలు తెప్పించి, విరిగేదాకా వాటిమీద మనుషుల్ని కూర్చోబెట్టి, విరగనిదాన్నే సిఫార్సు చేసే పద్ధతి ఆయన కనిపెట్టిందే. సగంమంది ఇప్పటికీ నిలబడే పనిచేస్తున్నారు గాని, నాసిరకం కుర్చీ కొన్నారన్న మాట మాత్రం రాలేదు.

ఈసారి పోటీలో నిలిచినవి రెండు ఆటలు. ఒకటి రాజ్యం పోగొట్టుకున్న రాణి కథ. రెండోది మంచుకొండల్లో తప్పిపోయిన తమ్ముణ్ని వెతికే అక్క కథ. రెండింట్లోనూ మలుపు మలుపునా ఏం చేయాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

భార్య నర్సు. ఈయన ఇల్లు చేరేసరికి ఆవిడ డ్యూటీకి బయల్దేరుతుంది. పెళ్లయ్యాక ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం ఇదే మొదలు. "ఏదో ఒకటి పెట్టండి. పక్కపక్కన కూర్చుని ఆడదాం, నాకంతే చాలు" అందావిడ.

ఏదో ఒకటి అనేసరికి అధికారిగారి ప్రాణం చివుక్కుమంది. వెంటనే సమీక్షలన్నీ చదివారు. ఆనక, ఆ సమీక్షలు రాసినవాళ్లు నమ్మదగినవాళ్లేనా అని విచారణ జరిపారు. సలహాదారుగా పిలిపించిన బావమరిది కడుపునిండా తిని, రెండూ బాగానే ఉంటాయని అభిప్రాయపడి నిద్రపోయాడు. ఇక లాభం లేదని, ఎవరో రెండు ఆటలూ ఆడి పెట్టిన వీడియోలను మొదట్నించీ చివరిదాకా చూశారు. రాణి గెలిచే ముగింపు, ఓడే ముగింపు, విసుగెత్తి చేపలు పట్టుకునే ముగింపు, ఒక్కటీ వదల్లేదు. భార్య రెండుసార్లు టీ ఇచ్చి, మూడోసారి మానేసింది.

"సమగ్ర పరిశీలన అనంతరం అక్క కథనే ఏకగ్రీవంగా ఎంపిక చేయడమైనది" అన్నారు అధికారిగారు, లేచి నిలబడి. "ముఖ్యంగా ఆ గొర్రెలకాపరే తమ్ముడని తేలే ఘట్టం అమోఘం."

భార్య గరిటె కింద పెట్టింది. వెళ్లి రాణి ఆట పెట్టుకుంది. అధికారిగారు పక్కన చేరి, ముసలి మంత్రిని నమ్మవద్దని సూచించారు.

"మీరు అవతలి గదిలోకి వెళ్లండి" అందావిడ. "నేను మోసపోవాలి."

మోసపోయింది. రాజ్యం పోయింది, నావ మునిగింది, ఉన్న ఒక్క గుర్రాన్నీ ఎవడికో దానమిచ్చేసింది. గోడ అవతల ఆవిడ పకపకా నవ్వుతుంటే అధికారిగారికి ఏడుపొచ్చినంత పనైంది. దిగులు తీరడానికి రెండు ఆటల మీదా సవివరమైన సమీక్ష రాసి లోకానికి వదిలారు. ఇక తాము ఆడనక్కర్లేకుండా చేశారని జనం వేనోళ్ల పొగిడారు.

ఈ కథ చదవదగిందో కాదో తేల్చుకోవడానికి ముందుగా చివరి పేరా దగ్గరికే వచ్చిన పాఠకులకు స్వాగతం. అవతలి గదిలో అధికారిగారి పక్కన చోటుంది, దయచేయండి.