పులిగోరుమెట్ట చెక్‌పోస్టులో ఆగిన మేఘం

ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున ఏడుంబావుకి, పులిగోరుమెట్ట సంరక్షిత అడవి చెక్‌పోస్టు దగ్గర, సముద్రం వైపు నుంచి వచ్చిన మేఘాన్ని పర్మిటు లేదని ఆపేశారు. ఆపినవాడు వాచరు వంతాల సుక్ర. పాపం, అతని తప్పేమీ లేదు. గేటు దాటే ప్రతిదాన్నీ రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కడి నుంచి అన్న గడిలో సముద్రం అని, ఎక్కడికి అన్న గడిలో కొండపైకి అని రాశాడు. లోడు అన్న గడి దగ్గరకొచ్చి తలెత్తి చూస్తే మేఘం నల్లగా, నిండు చూలాలిలా ఉంది. ఉన్నదున్నట్టు నీళ్లు అని రాశాడు. అక్కడే కొంప మునిగింది.

లోడున్న బండికి పర్మిటు ఉండి తీరాలి. గేటు కర్ర మనిషి ఛాతీ ఎత్తే కాబట్టి మేఘం పైనుంచి పోవచ్చు. కానీ అది మర్యాద తెలిసిన మేఘం. పాలవ్యాను వెనక, టూరిస్టు జీపు ముందు, క్యూలో తన చోట నిలబడింది.

గేటుకి పైన, తన ఊరు పనసగుడలో సుక్రకి ఎకరం చోడి పొలం ఉంది. నారు జానెడు ఎదిగి వాన కోసం చూస్తోంది. పది రోజుల్లో తడి తగలకపోతే ఏడాది పొడుగునా ఇంట్లో అంబలికి చోళ్లుండవు. పోయిన వారమంతా అతనూ, భార్య మంగ్లి కొండదేవతకి మొక్కింది ఈ మేఘం కోసమే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఆ పూజారి తనే అయి కూర్చున్నాడు.

రేంజరు సన్యాసిరాజు గారు టీ తాగుతూ రిజిస్టరు చూశారు. నీళ్లు అన్నది కొట్టేసి ఖాళీ అని రాయనా అని సుక్ర భయం భయంగా అడిగాడు. కొండ దిగే రాతి లారీలన్నిటికీ అతను రోజూ ఆ మాటే రాస్తున్నాడు, రాయమన్నదీ రాజుగారే. ఈ పోలిక ఆయనకి నచ్చలేదు.

"లారీకి టార్పాలిన్ కప్పి ఉంటుందయ్యా. లోపలేముందో మనకి తెలీదు. దీనికి టార్పాలిన్ ఏదీ?"

సుక్ర మేఘం వైపు చూశాడు. నిజమే, టార్పాలిన్ లేదు.

మేఘానికి పర్మిటు కోసం దరఖాస్తు డివిజన్ ఆఫీసుకి వెళ్లింది. నాలుగో రోజు జవాబొచ్చింది. సదరు నీరు ఈ అడవికి స్థానికమా, బయటిదా తేల్చాలి. బయటిదైతే సంరక్షిత ప్రాంతంలోకి రానివ్వరాదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుందే అని మీకూ నాకూ అనిపిస్తుంది గానీ, ఆఫీసులో ఎవరికీ అనిపించలేదు. రాజుగారు కుర్చీ బయట వేయించుకుని విచారణకి కూర్చున్నారు. మేఘం నోరు విప్పలేదు. సుక్ర ఉండబట్టలేక ముందుకొచ్చాడు.

"బయటియి కావు బాబూ. ఇయి మన కొండ నీళ్లే. నిరుడు మన గెడ్డలోంచి ఏట్లోకి, ఏట్లోంచి సముద్రంలోకి ఎల్లినాయి. ఇప్పుడు తిరిగొత్తన్నాయి."

సాక్ష్యం బ్రహ్మాండంగా ఉందని రాజుగారు మెచ్చుకుని, రాయించి, సంతకం పెట్టించుకున్నారు. తర్వాత నిరుటి రిజిస్టరు తిరగేశారు. కొండ నుంచి నీళ్లు బయటికి పోయినట్టు అందులో ఒక్క పర్మిటూ లేదు. అంటే అటవీ ఉత్పత్తిని దొంగతనంగా తరలించినట్టే. మేఘం మీద కేసు కట్టారు. మొదటి సాక్షి సుక్ర. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే మరి.

పట్టుబడిన దుంగలకి వేసినట్టే మేఘానికీ ఎర్రరంగుతో నంబరు వేశారు. అది నిలిచేది కాదు. రోజూ పొద్దున్నే కొత్తగా వేయడం సుక్ర డ్యూటీలో చేరింది. నిచ్చెనెక్కి నంబరు వేస్తుంటే ముంజేతికి చల్లగా తగిలేది. రోజూ మంగ్లి కొండ దిగొచ్చి నారు సంగతి చెప్పేది. ముందు తలలు వాల్చింది, తర్వాత పండుబారింది, తర్వాత మడిలో నెర్రెలు కనిపిస్తున్నాయంది. మేఘాన్ని చూసేది, మొగుణ్ణి చూసేది, వెళ్లిపోయేది.

పదకొండో రోజు ఆర్డరొచ్చింది. పట్టుబడిన సరుకుని పట్టుబడిన చోటే దింపించి, బండిని వదిలేయవలెను. సుక్ర ఆ కాగితాన్ని మేఘానికి చదివి వినిపించాడు. పదకొండు రోజుల బరువు, రెండు గంటల సేపు దించింది. తారురోడ్డు మీద, జీపుల మీద, రాజుగారి గొడుగు మీద కురిసింది. నీళ్లన్నీ రోడ్డు పక్క కాలవలో పడి కింద మైదానం వైపు పోయాయి. అది గేటుకి దిగువ కాబట్టి వాటికి పర్మిటు అక్కర్లేదు. దూదిపింజలా మిగిలిన మేఘం గేటు ముందుకొచ్చింది. లోడు ఖాళీ. సుక్ర గేటెత్తాడు. అది పనసగుడ మీదుగా, చోడి పొలం మీద కాస్తంత నీడ పరిచి, కొండ దాటిపోయింది.

రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదని రాజుగారు భుజం తట్టారు. సుక్రకి ఏడుపొచ్చింది. అయినా, అబద్ధమెందుకు, ఆ తట్టడం బాగానే అనిపించింది.

మధ్యాహ్నం మంగ్లి వచ్చింది. ఒక మూల నారైనా బతక్కపోదని, రోడ్డు గుంటలో నిలిచిన నీళ్లు గిన్నెతో తోడి బిందె నింపుకుంది. నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరకొచ్చింది. రాజుగారు ఆఫీసులో లేరు, భోజనానికి వెళ్లారు. చూసేవాళ్లెవరూ లేరు. సుక్ర లేచాడు. చెయ్యి తనంతట తనే గేటు కర్ర మీద పడింది.

"లోడేటి?" అన్నాడు.

మంగ్లి నిర్ఘాంతపోయింది. "నాను నీ పెళ్లాన్ని," అంది.

"తెలుసు. లోడేటి?"

ఆమె బిందె దించి, నీళ్లన్నీ అతని కాళ్ల ముందు పారబోసింది. సుక్ర రిజిస్టరు తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. నీళ్లు ఇంకాక కూర్చుని రాశాడు. మనిషి ఒకరు, బిందె ఒకటి, లోడు ఖాళీ. గేటెత్తి, మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చాడు. ఎలాగూ ఎత్తే ఉంది కదా అని, టార్పాలిన్ కప్పిన రాతి లారీ కూడా ఆమె పక్కనుంచే కొండ దిగి పోయింది. దానికీ ఖాళీ అనే రాశాడు.