పొగ తగ్గిందని గొడవ

ఆ ఆదివారం ధనుంజయ అనుకున్నది చిన్న పనే. పొద్దున్నే మిద్దెమీద, రిమోట్‌తో ఎగరేసే తన బుల్లి విమానం ఇంజిన్‌ను సరిచేసుకుని, మధ్యాహ్నానికి కుప్పం చేరాలి. అక్కడి మైదానంలో తనలాంటి విమానాల పిచ్చివాళ్లు కలుసుకుంటారు. పోయినసారి గాల్లో ఇంజిన్ ఆగిపోయి, విమానం టమాటా తోటలో కూలింది. పుంగనూరు డెయిరీలో సూపర్‌వైజరన్న గౌరవమైనా లేకుండా మిత్రులు అతన్ని "టమాటా పైలట్" అంటున్నారు.

"ఇడ్లీలు సల్లారిపోతాండాయి" అని భార్య అర్చన కిందినుంచి పిలిచింది.

"వస్తాండా!" అన్నాడు గానీ కదల్లేదు. కార్బురేటర్ పక్కనున్న సూదిమర బిగిస్తే ఇంధనం చాలక ఇంజిన్ ఆగిపోతోంది. వదులు చేస్తే ఇంధనం ఎక్కువై తెల్లటి పొగ. ఆగడం కంటే పొగే నయమని బాగా వదులు చేశాడు. పొగ మిద్దె దిగి వీధిలోకి నడిచింది.

పక్కింటి రెడ్డెమ్మ అది చూసి గొంతెత్తింది. "దోమల మిషన్ వచ్చిండాది! బిడ్డల్ని లోపలికి పిలవండే!"

మదనపల్లెలోని ఆ చిన్న కాలనీకి దోమల పొగ యంత్రం లేకపోలేదు. అది సంఘం అధ్యక్షుడు శ్రీరాములు షెడ్డులో, స్టార్ట్ కాక ఎన్నాళ్లుగానో మూలన పడి ఉంది. బాగుచేయిస్తానని అతను ప్రతి మీటింగులోనూ మాటిస్తూనే ఉన్నాడు. అందుకే జనం సంబరంగా ధనుంజయ గేటు ముందు చేరారు.

"మా ఇంటికాడ గూడా కొట్టప్పా!"

"అది కాదమ్మా, ఇది విమానం ఇంజిను!" అని అతను పైనుంచి అరిచాడు. ఆ రొదలో కిందికి చేరింది ఒక్క ముక్కే.

"ఈతూరి విమానంతో కొడతారంట!"

అంతే. మిద్దెలమీది వడియాలు, మిరపకాయలు, ఉతికిన దుప్పట్లు అన్నీ ఇళ్లలోకి పరుగెత్తాయి. నోట్లో బ్రష్‌తోనే వచ్చిన శ్రీరాములును అందరూ చుట్టుముట్టారు.

"మొత్తానికి మాట నిలబెట్టుకుంటివన్నా!"

నాకేం తెలియదని చెప్పడానికి శ్రీరాములుకు అదే మంచి అవకాశం. చెప్పలేదు. "నేను పట్టుకుంటే వదుల్తానా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పైన ధనుంజయ సూదిమరను వెంట్రుకవాసి బిగించాడు. పొగ మాయమైంది. ఇంజిన్ తుమ్మెదలా నిలకడగా పాడింది.

"కుదిరింది! అర్చనా, కుదిరింది!" అని గంతులేశాడు.

కింద గొడవ మొదలైంది. "మందు అయిపాయె!" "మా వైపు రానేలేదే!" "ఏందన్నా, సగం వీధికేనా నీ మిషను?"

అర్చన గేటు దగ్గరికొచ్చి అసలు సంగతి చెప్పింది. అందరూ శ్రీరాములు వైపు తిరిగారు. అతను మిద్దె వైపు చేతులు జోడించాడు. "ధనుంజయా, నువ్వే దిక్కప్పా! మిషన్ తెస్తా, రవంత సూడు."

తోపుడుబండిమీద యంత్రం వచ్చింది. దాని కార్బురేటర్ నిండా కందిరీగ పెట్టిన మట్టిగూడు. ధనుంజయ గడియారం చూసుకుని, నిట్టూర్చి, మరలు విప్పాడు. పొద్దుట్నుంచీ పొగ తగ్గించడానికి తంటాలు పడ్డవాడు, ఇప్పుడు పొగ రప్పించడానికి చెమటలు కక్కాడు. చివరికి అది గర్జించి వీధంతా పొగ నింపేసరికి, దగ్గుతూనే అందరూ చప్పట్లు కొట్టారు.

అతను కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. మిత్రులు సామాన్లు సర్దుకుంటూ ఆగారు. విమానం మైదానం మీద చక్కర్లు కొట్టి, ఒక్క దగ్గు కూడా దగ్గకుండా అతని కాళ్ల దగ్గరే దిగింది.

సోమవారం డెయిరీకి బయలుదేరుతుంటే గేటు ముందు పక్క కాలనీవాళ్లు నిలబడి ఉన్నారు. దోమలన్నీ తమ దగ్గరికే వచ్చేశాయట.